శిక్షణ ఇచ్చారు సరే, పని ఏదీ?

ఈ మధ్య నాకో ఆహ్వానం వచ్చింది. వృత్తి విద్యను, శిక్షణను బలోపేతం చేయడానికి కొత్త ప్రాజెక్టు ఒకటి రాబోతోందట. డబ్బు విదేశీ సంస్థది, అమలు ప్రభుత్వానిది, శిక్షణ ఇచ్చేది ప్రైవేటు సంస్థలు. 'మహిళా సంఘాలతో సంప్రదింపులు' పేరుతో ఒక పూట సమావేశం పెట్టారు. ముందుగా పంపిన కాగితాల్లో స్త్రీల కోసం ఒక పేజీ కేటాయించారు. ఆ పేజీలో ఒక పట్టిక. మొదటి గడి 'శిక్షణలో చేరే మహిళల సంఖ్య'. చివరి గడి 'శిక్షణ పూర్తి చేసిన మహిళల సంఖ్య'. అక్కడితో పట్టిక అయిపోయింది.

ఈ పట్టిక నాకు కొత్త కాదు. ముప్పై ఏళ్ల కిందట ఇలాంటివి నా చేత్తో ఎన్నో నింపాను. నింపినందుకు జీతం కూడా తీసుకున్నాను. కాబట్టి ఇప్పుడు రాసేదాంట్లో ప్రభుత్వాన్ని, డోనార్లను విమర్శించడంతో పాటు నన్ను నేను అడుక్కోవాల్సిన ప్రశ్నలు కూడా ఉన్నాయి. స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసిన, చేస్తున్న మిత్రులు చాలామంది ఇందులో తమను తాము గుర్తుపడతారనుకుంటాను.

1994లో మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక సంస్థలో ఆర్గనైజర్‌గా ఉన్నాను. విదేశీ సాయంతో నడిచే స్త్రీల వృత్తి శిక్షణ ప్రాజెక్టు మా సంస్థకు వచ్చింది. ఏ దేశపు డబ్బు, ఏ సంస్థ అన్నది ఇక్కడ అనవసరం, ఆ రోజుల్లో ఒకటి కాకపోతే ఇంకొకటి. ఆరు నెలల కోర్సు, బ్యాచికి ముప్పై మంది, పంచాయతీ ఆఫీసు పక్కన ఒక రేకుల గది, పదిహేను కుట్టుమిషన్లు. ఊళ్లు తిరిగి ఆ ముప్పై మందినీ పోగుచేసే పని నాది. వేరుశనగ తీసే రోజులు. కూలికి పోతే వచ్చేదానికంటే మేమిచ్చే స్టయిఫండ్ తక్కువ. అయినా చాలామంది వచ్చారు. కోర్సు అయ్యాక మిషన్ ఇస్తామన్న మాట నమ్మి వచ్చారు. పాలు తాగే పిల్లలున్న తల్లులు ఇద్దరు మొదటి పదిరోజుల్లోనే మానేశారు. పిల్లల్ని ఎక్కడ పెట్టాలో మా ప్రాజెక్టులో ఎవరూ ఆలోచించలేదు. వాళ్ల స్థానంలో వేరే ఇద్దరి పేర్లు రాసి ముప్పై నింపాను.

కోర్సు అయింది. మిషన్లు ఇచ్చాం. ఫొటోలు దిగాం. రిజిస్టర్లో ముప్పై పేర్లకు ఎదురుగా 'స్వయం ఉపాధి' అని రాశాను.

అసలు జరిగింది వేరు. ఒక అమ్మాయి మిషన్ ఆమెతో పాటే అత్తారింటికి పోయింది, కట్నంలో భాగంగా. పెళ్లి మాటల్లో ఆ మిషన్‌ని మంచం, బీరువాలతో కలిపి లెక్కేశారని తర్వాత తెలిసింది. ఇంకొకామె మొగుడు తాగుడు బాకీ కింద మిషన్‌ని కుదువపెట్టాడు. మాదిగవాడలో మిషన్ పెట్టుకున్న ఆమె దగ్గరికి ఊళ్లోవాళ్లు జాకెట్ గుడ్డలు తీసుకెళ్లలేదు. "మా ఇంటికొచ్చి కొలతలియ్యాలె గద అక్కా, ఎవరొస్తరు?" అని ఆమే నన్ను అడిగింది. కులం గురించి ఆ ప్రాజెక్టు కాగితాల్లో ఒక్క వాక్యం లేదు. 'ఎస్.సి. లబ్ధిదారుల శాతం' అనే గడి మాత్రం ఉంది. లబ్ధిదారులు అనే మాట నాకు మొదటినుంచీ నచ్చదు. కూలి పోగొట్టుకుని ఆరు నెలలు వచ్చి కూర్చున్న మనిషి లబ్ధిదారు ఎలా అవుతుంది?

ఇదంతా ఒక్క ఊరి ముచ్చట అని కొట్టిపారేయొచ్చు. అందుకని కాస్త వెనక్కి వెళ్లి, మన దేశంలో స్త్రీల వృత్తి శిక్షణలోకి విదేశీ సహకారం ఎలా వచ్చిందో చూద్దాం.

కేంద్ర కార్మిక శాఖ స్త్రీల కోసం ప్రత్యేకంగా వృత్తి శిక్షణ కార్యక్రమాన్ని 1977లో మొదలుపెట్టింది. దానికి స్వీడన్ సహాయ సంస్థ సిడా, అంతర్జాతీయ కార్మిక సంస్థ తోడ్పడ్డాయి. నోయిడాలో జాతీయ శిక్షణ సంస్థ, బెంగుళూరు, బొంబాయి లాంటి చోట్ల ప్రాంతీయ సంస్థలు వచ్చాయి. 1982-83లో నార్వే సహాయ సంస్థ నోరాడ్ డబ్బుతో స్త్రీలకు శిక్షణ, ఉపాధి కల్పించే పథకం వచ్చింది. మన పాత కార్యకర్తలు ఇప్పటికీ దాన్ని 'నోరాడ్ స్కీము' అనే అంటారు. 1996-97 దాకా నార్వే డబ్బు వచ్చింది, తర్వాత కేంద్రమే 'స్వావలంబన్' పేరుతో కొంతకాలం నడిపింది. డ్వాక్రాకు మొదట్లో యునిసెఫ్ సాయం ఉండేదన్న సంగతి ఇవాళ పొదుపు సంఘాల్లో ఉన్నవాళ్లలో చాలామందికి తెలియదు. అదీ 1982లోనే మొదలైంది. 1989లో ప్రపంచ బ్యాంకు వృత్తి శిక్షణ ప్రాజెక్టుతో కొత్త మహిళా ఐటీఐలు, ఉన్న ఐటీఐలలో మహిళా విభాగాలు వచ్చాయి. 2007లో అదే బ్యాంకు ఐటీఐల మెరుగుదలకు 28 కోట్ల డాలర్లు ఇచ్చింది. 2017లో 'స్ట్రైవ్' అనే ప్రాజెక్టుకు 12.5 కోట్ల డాలర్లు మంజూరు చేసింది.

డబ్బు రాలేదని ఎవరూ అనలేరు. ఆ డబ్బుతో జరిగిన మేలు లేదనీ నేను అనను. మహిళా ఐటీఐలో చదివి ఉద్యోగంలో స్థిరపడ్డవాళ్లు నాకు తెలుసు. ఊరు దాటి హాస్టల్లో ఉండి చదువుకోవడమే ఆ అమ్మాయిల జీవితాల్లో పెద్ద మలుపు. నా గొడవ డబ్బుతో కాదు, ఆ డబ్బు స్త్రీకి ఏ పని నేర్పాలో ముందే తేల్చేసిన పద్ధతితో.

నోరాడ్ స్కీము కాగితం మీద ఎలక్ట్రానిక్స్ ఉంది, వాచీల తయారీ ఉంది, కంప్యూటర్ ఉంది. చదివితే సంతోషం వేస్తుంది. కాగితాల్లో అలాంటి జాబితాలు ఉన్నా, నేను తిరిగిన ఊళ్లలో ఏ పథకం పేరుతో వచ్చినా కనిపించినవి కుట్టు, అల్లిక, ఎంబ్రాయిడరీ. ఐటీఐలలో 'కటింగ్ అండ్ సూయింగ్' అనే ట్రేడ్‌కి ఇప్పుడు 'సూయింగ్ టెక్నాలజీ' అని పేరు మార్చారు. టెక్నాలజీ అన్నారు కదా అని సంతోషించాలి కాబోలు.

ఎందుకు ఎప్పుడూ కుట్టే? మేం అప్పట్లో ఇచ్చుకున్న సమాధానం, 'వాళ్లే అడుగుతున్నారు' అని. అది అబద్ధం కాదు. వాళ్లే అడిగారు. అయితే ఏం చూసి అడిగారు? కుట్టయితే మొగుడు ఒప్పుకుంటాడు, అత్త ఒప్పుకుంటుంది. ఇల్లు కదలక్కర్లేదు. వంట చేస్తూ, పిల్లాణ్ణి ఊపుతూ కుట్టుకోవచ్చు. అంటే ఇంటి చాకిరీలో వీసమెత్తు తగ్గకుండా దాని పక్కన ఇంకొక పని. ప్రాజెక్టు రాసేవాళ్లకూ అదే అనుకూలం. ఒక గది, కొన్ని మిషన్లు, ఒక టీచరు ఉంటే చాలు. వర్క్‌షాపు అక్కర్లేదు, త్రీఫేజు కరెంటు అక్కర్లేదు. ఫొటోలో ముప్పై మంది ఆడవాళ్లు వరసగా తలలు వంచుకుని కూర్చుని ఉంటే చూడ్డానికి బాగుంటుంది. స్త్రీ సంపాదన అంటే 'చన్నీళ్లకు వేణ్ణీళ్లు' అన్న మన ఇళ్లలోని ఆలోచన, తక్కువ ఖర్చుతో ఎక్కువ తలలు లెక్క చూపించాలన్న డోనార్ల ఆలోచన, రెండూ కుట్టుమిషన్ దగ్గర కలిశాయి.

అదే విదేశీ సహకారం మగవాళ్ల పనుల దగ్గర ఎలా ఉండేదో హైదరాబాద్‌లోనే చూడొచ్చు. బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌ని 1968లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో పెట్టారు. అమలు బాధ్యత అంతర్జాతీయ కార్మిక సంస్థది. అక్కడ యంత్రాలు, టూల్ రూము, నిపుణులు, నేర్చుకున్న వాళ్లకోసం చుట్టూ పరిశ్రమలు. పరిశ్రమకు ఏం కావాలో అడిగి, దానికి తగ్గట్టు శిక్షణ. ఆడవాళ్లు రాకూడదని రాయాల్సిన అవసరమే ఆ రోజుల్లో ఎవరికీ రాలేదు. దానికి ముందు మెట్టు మెకానికల్ డిప్లొమా, దాని ముందు మెట్టు లెక్కలు, సైన్సు. ఆ మెట్ల మీద ఆడపిల్లలు వేళ్లమీద లెక్కపెట్టేంతమందే. మగవాడికి పరిశ్రమ అవసరాన్ని బట్టి శిక్షణ, ఆడదానికి ఇంటి సౌకర్యాన్ని బట్టి శిక్షణ. రెంటినీ కలిపి వృత్తి విద్య అంటాం.

నేను మర్చిపోలేని సంగతి ఒకటి చెబుతాను.

మా బ్యాచికి పేర్లు రాస్తున్నప్పుడు పదో తరగతి తప్పిన ఒక పిల్ల వచ్చింది. "అక్కా, నాకు కుట్టొద్దు. మోటర్ వైండింగ్ నేర్పిస్తరా?" అంది. ఎందుకని అడిగాను. "మా నాయిన బోరు మోటరు ఈ ఏడు రెండుసార్లు కాలిపోయింది. కాలినప్పుడల్లా బండి కట్టుకుని టౌనుకు పోవాలె, వాడు అడిగినంత ఇయ్యాలె. మా ఊర్ల గిన్ని బోర్లున్నయి, నేనే నేర్సుకుంటే?" అంది.

ఆ పిల్ల చెప్పిన దాంట్లో మార్కెట్ సర్వే ఉంది, ఉపాధి ప్రణాళిక ఉంది. మా ప్రాజెక్టులో ఉన్న కన్సల్టెంట్లెవరూ ఆ మాట చెప్పలేదు. నేను ఉత్సాహంగా పట్నం ఆఫీసుకు వెళ్లి ఆఫీసర్ గారిని అడిగాను. ఆయన చెడ్డవాడు కాదు. ఫైలు తిరగేసి, "లేదమ్మా, మీది ఉమెన్ కాంపోనెంట్. వైండింగ్ అందులో లేదు, యూత్ కాంపోనెంట్‌లో ఉంది" అన్నారు. ఆ పిల్ల వయసు పదిహేడు. యూత్ కాదట, ఉమెన్ అట! యూత్ కాంపోనెంట్‌లో అడిగితే, 'ఆడపిల్లకి హాస్టల్ లేదు' అన్నారు. నేను ఇంకొకసారి అడగాల్సింది. ఉత్తరం రాయాల్సింది, గొడవ చేయాల్సింది. మూడు వారాల్లో ముప్పై పేర్లు పంపాలి. ఆ పిల్లని కుట్టులో కూర్చోబెట్టాను. ఆరు నెలలూ మానకుండా వచ్చింది. హాజరు నూటికి నూరు.

ఇంకొక సంగతి చెప్పుకోవడం కష్టంగా ఉంది, అయినా చెబుతాను. కోర్సు ముగిశాక ఎవాల్యుయేషన్‌కి డోనార్ సంస్థనుంచి ఒకావిడ వచ్చింది. మంచి మనిషి, చాపమీదే కూర్చుంది. ఆమె ఇంగ్లీషులో అడుగుతుంటే నేను తెలుగు చేసి చెబుతున్నాను, వాళ్ల జవాబులు ఇంగ్లీషు చేస్తున్నాను. శిక్షణ ఎలా ఉందని అడిగింది. అందరూ బాగుందన్నారు. వెనకనుంచి ఒక పెద్దామె, "నేర్సుకున్నం తల్లీ. ఇగ కుట్టనీకి బట్టలేడున్నయి? మా ఊర్ల ముప్పై మంది కుట్టెటోళ్లయిరి, కుట్టించుకునెటోళ్లు ఎవరు?" అంది. అందరూ నవ్వారు. ఆవిడ నావైపు చూసి ఏమంటోందని అడిగింది. "బాగా నేర్చుకున్నామని చెబుతోంది" అన్నాను.

మా సంస్థకి రెండో దశ డబ్బు రావాలి. నాతో సహా ఆరుగురి జీతాలు దానిమీదే ఉన్నాయి. అంతకంటే నా దగ్గర సంజాయిషీ లేదు. రెండో దశ వచ్చింది. మరో రెండు బ్యాచిలు కుట్టు నేర్పాం.

అందుకే విదేశీ సహకారం మీద విమర్శలు చదువుతున్నప్పుడు నాకు ఒక ఇబ్బంది ఉంటుంది. డోనార్ ఎజెండా అని, సామ్రాజ్యవాదమని రాస్తాం. అందులో నిజం లేకపోలేదు. కానీ ఆ గదిలో ఆ పెద్దామె మాటను మింగేసింది వాషింగ్టనూ కాదు, ఓస్లో కాదు, నేను.

విదేశీ డబ్బుతో అయినా వేరేరకంగా చేయొచ్చని చూపించిన అనుభవం మన దేశంలోనే ఉంది. డచ్ ప్రభుత్వ సాయంతో మహిళా సమత కార్యక్రమం 1989లో ఉత్తరప్రదేశ్, గుజరాత్, కర్ణాటకల్లో మొదలైంది. మన రాష్ట్రానికి 1993లో వచ్చింది. అందులో ముందుగా ట్రేడ్‌ల జాబితా లేదు, టార్గెట్ల పట్టిక లేదు. సంఘంలో కూర్చుని ఆడవాళ్లు ఏది సమస్య అంటే అక్కడినుంచి పని. ఉత్తరప్రదేశ్‌లోని బాందా జిల్లాలో ఆడవాళ్లు నీళ్లు అన్నారు. చేతిపంపులు చెడిపోతే బాగుచేసే దిక్కులేదు. చెడిపోతే మైళ్లు నడిచేది వాళ్లే. అయితే మెకానిక్ పని మనమే నేర్చుకుందామన్నారు. చదువురాని, చాలావరకు దళిత, ఆదివాసీ స్త్రీలు చేతిపంపు మెకానిక్‌లయ్యారు. పైపులు పైకి లాగడం, వాషర్లు మార్చడం, స్పానర్లు పట్టుకుని ఊరినుంచి ఊరికి వెళ్లడం. ఆడది ముట్టుకుంటే నీళ్లు మైలపడతాయన్న ఊళ్లలో, దళితులను బావి దగ్గరికి రానివ్వని ఊళ్లలో, వాళ్లు పంపు విప్పి బిగించారు. పంపుల లెక్కలు రాసుకోవాలంటే అక్షరాలు కావాలి కాబట్టి చదువు కావాలని వాళ్లే అడిగారు. చదువు వచ్చాక 'మహిళా డాకియా' అని ఒక పత్రిక తీశారు. ఆ దారిలోనే 2002లో చిత్రకూట్ నుంచి 'ఖబర్ లహరియా' వచ్చింది. గ్రామీణ స్త్రీలే విలేకరులుగా నడిపిన ఆ పత్రికకు 2009లో యునెస్కో అక్షరాస్యత బహుమతి వచ్చింది.

మెకానిక్ శిక్షణ నుంచి వార్తాపత్రిక దాకా ఏ లాగ్‌ఫ్రేమ్‌లోనూ ముందుగా రాయలేరు. అలా అని మహిళా సమతలో అన్నీ బాగున్నాయని కాదు. పంపులు బాగుచేసే స్త్రీకి ప్రభుత్వ మెకానిక్ హోదా, జీతం ఇప్పించడం పెద్ద పోరాటంగానే మిగిలింది. కేంద్రం 2016లో ఆ కార్యక్రమానికి డబ్బు ఆపేసింది. దాని గురించి మనం చేయాల్సినంత గొడవ చేయలేదు.

హక్కుల కోణం నుంచి చూస్తే మన చేతిలో ఆధారాలు లేకపోలేదు. స్త్రీలపై వివక్ష నిర్మూలన ఒడంబడికను భారత ప్రభుత్వం 1980లో సంతకం చేసి 1993లో ధ్రువీకరించింది. దాని పదో అధికరణం వృత్తి శిక్షణ అన్ని రకాల్లోనూ స్త్రీపురుషులకు ఒకే పరిస్థితులు ఉండాలంటుంది. పదకొండో అధికరణం పనిని ఎంచుకునే స్వేచ్ఛను, అప్రెంటిస్‌షిప్‌తో సహా శిక్షణ పొందే హక్కును పనిహక్కులో భాగంగా చెబుతుంది. అంటే శిక్షణ విడిగా వేలాడే దానం కాదు, పనికి కట్టిన హక్కు. సాయం చేసే దేశాలు దాదాపు అన్నీ ఆ ఒడంబడికలో ఉన్నవే. సంతకం పెట్టిన రెండు ప్రభుత్వాలు కలిసి రాసుకున్న ప్రాజెక్టులో ఆడపిల్లకి వైండింగ్ 'కాంపోనెంట్‌లో లేదు' అంటే, అది ఒడంబడికకే విరుద్ధం కదా? ఈ ప్రశ్న 1994లో నాకు తట్టలేదు. ధ్రువీకరించి అప్పటికి ఏడాదే అయింది. ఆ కాగితం మా దాకా రాలేదు.

యజమానుల దగ్గర ఇంకొక సాకు ఉండేది. 1948 ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షన్ స్త్రీలను రాత్రి షిఫ్టుల్లో పెట్టకూడదనేది. షిఫ్టులు తిరగలేని మనిషిని ఫిట్టర్‌గా, మెషినిస్టుగా ఎందుకు తీసుకోవాలని అడిగేవారు. 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. స్త్రీ ఒప్పుకుంటే, భద్రత ఏర్పాట్లతో, రాత్రిపూట కూడా పని ఇవ్వొచ్చు. ఆ కోడ్‌లతో కార్మికులు పోగొట్టుకున్నవి వేరే ఉన్నాయి, వాటి గురించి విడిగా రాయాలి. ఈ ఒక్క సాకు మాత్రం ఇక చెల్లదు. ఇక చూడాల్సింది ఒప్పుకోలు నిజంగా ఆమెదేనా, తెల్లవారుజామున ఇంటికి చేర్చే బస్సు ఉందా, అని.

విదేశీ సహకారం రూపం కూడా ఈ ముప్పై ఏళ్లలో మారిపోయింది, మన వ్యూహాలు పాతవి పనికిరావు. 2003లో కేంద్రం చిన్న దాత దేశాల నుంచి సాయం వద్దని నిర్ణయించింది. నార్వే, స్వీడన్, నెదర్లాండ్స్ లాంటివి ప్రభుత్వాల మధ్య సాయం నుంచి తప్పుకున్నాయి. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించి, ఒక సంస్థకు వచ్చిన విదేశీ డబ్బును మరో సంస్థకు ఇవ్వకూడదన్నారు. చిన్న ఊళ్లలోని మహిళా సంఘాలకు ఏదో కాస్త అందే దారి దాంతో మూసుకుపోయింది. 2025లో అమెరికా తన యూఎస్‌ఎయిడ్‌నే ఎత్తేసింది. ఇప్పుడు వచ్చేది ఎక్కువగా అప్పు. ప్రపంచ బ్యాంకు లాంటి సంస్థలనుంచి ప్రభుత్వానికి, ప్రభుత్వం నుంచి ఐటీఐలకు, శిక్షణ కంపెనీలకు. మనలాంటి వాళ్లని పిలిచేది రెండు పనులకి: సంప్రదింపుల సమావేశంలో సంతకానికి, అమ్మాయిల్ని పోగుచేయడానికి.

అయితే కొత్త పద్ధతిలో మనకు పనికొచ్చే ఒక సంగతి ఉంది. 'స్ట్రైవ్' లాంటివాటిలో ఖర్చు చూపించినందుకు కాక, ఒప్పుకున్న ఫలితాలు చూపించినందుకు బ్యాంకు డబ్బు విడుదల చేస్తుంది. ఫలితం అంటే ఏమిటో ఒప్పందంలో రాసుకుంటారు. అక్కడ ఏం రాస్తే దానికే డబ్బు. 'చేరిన అమ్మాయిల సంఖ్య' అని రాస్తే చేర్పిస్తారు. 'కోర్సు అయిన రెండేళ్లకు ఆ పనిలోనే, కనీస వేతనానికి తగ్గకుండా సంపాదిస్తున్న అమ్మాయిల సంఖ్య' అని రాస్తే హాస్టలు, క్రెష్, బస్సు వాళ్లే వెతుక్కుంటారు. చట్టం మార్చక్కర్లేదు, పట్టికలో ఒక గడి మార్చాలి. ఆ గడి ఒప్పందం మీద సంతకాలు అయ్యేలోపే మారాలి, తర్వాత మార్చరు.

విదేశాలకు నర్సుల్ని పంపే ఒప్పందాలు మరో కొత్త రూపం. 2022 డిసెంబరులో జర్మనీతో మన దేశం వలసల ఒప్పందం చేసుకుంది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్, జపనీస్ నేర్పించి ఆ దేశాలకు పంపుతోంది. ఆ అమ్మాయిలకు మంచి జీతాలు దొరికితే నాకు సంతోషమే. కుట్టుమిషన్ కంటే ఎంతో నయం. కానీ ఇక్కడ నర్సింగ్ చదువుకు అప్పుచేసింది ఆమె తల్లిదండ్రులు, అక్కడ వృద్ధుల సేవ కొరత తీరేది వాళ్లకు. ఈ లావాదేవీలో మన పల్లెల ఆస్పత్రులకు ఏం మిగులుతుందో ఏ ఒప్పందంలోనైనా అడగాలి. ఇదే తెలుగు నేలమీద కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్‌కి ఇంటిపనికి వెళ్లే స్త్రీలకు భాష నేర్పించే వాళ్లు అరుదు. వాళ్లది కూడా నైపుణ్యమే, ఇరవై నాలుగు గంటల నైపుణ్యం. దానికి సర్టిఫికెట్ ఇవ్వాలని చాలామందికి అనిపించదు.

మరి మనం ఏం చేయాలి? నామటుకు నేను రెండు మూడు విషయాల్లో గట్టిగా ఉండాలనుకుంటున్నాను. ట్రేడ్ ఏదో ముందే తేల్చుకుని వచ్చిన ప్రాజెక్టుకి అమ్మాయిల పేర్లు ఇవ్వను. మనం అమ్మాయిల్ని సప్లై చేసే ఏజెన్సీలం కాదు. జాతీయ గుర్తింపు లేని సర్టిఫికెట్ ఇచ్చే కోర్సుకి పేర్లు ఇవ్వను. మా ముప్పై మందికీ ఇచ్చిన సర్టిఫికెట్ మా సంస్థ ముద్రతో ఉండేది. దానితో అప్రెంటిస్‌గా చేరడానికీ వీల్లేదు, ప్రభుత్వ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టడానికీ వీల్లేదు. గోడకు పటం కట్టించుకున్నారు, అంతే. స్టయిఫండ్ కూలికి తగ్గకూడదు. పిల్లల్ని చూసుకునే మనిషి బడ్జెట్‌లో ఉండాలి. శిక్షణ తర్వాత రెండేళ్లు వెనకాల వెళ్లి కనుక్కునే మనిషి జీతం కూడా అదే బడ్జెట్‌లో ఉండాలి. అదేమీ పెద్ద ఖర్చు కాదు. ప్రారంభోత్సవాలకు, బ్యానర్లకు పెట్టేదాంట్లోంచి తీసినా వస్తుంది.

కుట్టు వద్దని నేను అనడం లేదు, ఇది అపార్థం కాకూడదు. విశాఖ దగ్గర అచ్యుతాపురంలో వేలమంది స్త్రీలు దుస్తుల ఫ్యాక్టరీల్లో పనిచేస్తున్నారు. అది కుట్టే. అయితే అక్కడ లైనులో కూర్చున్న మనిషి కాలర్ ఒక్కటే కుడుతుంది, లేదా చెయ్యి ఒక్కటే. జాకెట్ మొత్తం కుట్టడం నేర్పే ఆరు నెలల కోర్సుకి, ఆ లైనుకి సంబంధం తక్కువ. యూనియన్ అంటే ఏమిటి, పీఎఫ్ ఎలా చూసుకోవాలి, ఓవర్‌టైమ్‌కి రెట్టింపు ఎప్పుడు రావాలి, ఇవి కూడా వృత్తి విద్యే. వాటిని కూడా సరిగ్గా నేర్పాలని మనం అడగాలి.

ఆహ్వానం వచ్చాక నేను పాత ట్రంకుపెట్టె తీసి, 1994 బ్యాచి రిజిస్టర్ వెతికాను. చెదలు కొంత తిన్నాయి, పేర్లు కనబడుతున్నాయి. ఈ వేసవిలో ఆ ఊళ్లకు వెళ్లి దొరికినవాళ్లని కలిశాను. కొందరు చనిపోయారు, కొందరు పట్నం వలసపోయారు. కలిసినవాళ్లలో ఇద్దరు మాత్రం కుట్టుమీద బతుకుతున్నారు, ఫాల్స్, జాకెట్లు కుడుతూ. ఇద్దరూ వాళ్ల కష్టంతో నిలబడ్డవాళ్లే, మా తర్ఫీదుకు అందులో ఎంత వాటా ఉందో చెప్పలేను. మిగతావాళ్లు కూలికి, ఉపాధిహామీ పనికి, ఒకామె బడిలో మధ్యాహ్న భోజనం వండడానికి. వైండింగ్ అడిగిన పిల్లకు ఇప్పుడు నలభై ఎనిమిదేళ్లు దాటాయి. అత్తగారి ఊళ్లో కిరాణా కొట్టు పెట్టుకుంది. నన్ను గుర్తుపట్టి టీ పెట్టింది. మిషన్ ఏదని అడిగాను. "అటక మీదుంది అక్కా, అవతల పారెయ్యబుద్ధి కాలే" అంది. కొట్టు ఎదురుగా మోటర్ వైండింగ్ షాపు ఉంది. ఎవరిదని అడిగితే, పక్క మండలం నుంచి వచ్చిన ఇద్దరు అన్నదమ్ములదని చెప్పింది.

మిత్రులకు ఒక విన్నపం. 80ల్లో, 90ల్లో ఇలాంటి శిక్షణలు నడిపిన సంస్థలు మన మధ్య చాలా ఉన్నాయి. మీ దగ్గర పాత రిజిస్టర్లు ఉంటే బయటికి తీయండి. ఒక్క బ్యాచి చాలు. ఆ పేర్లు పట్టుకుని వెళ్లి మూడే మూడు అడగండి: అప్పుడు మీరేం నేర్చుకుందామనుకున్నారు, ఏం నేర్పారు, ఇప్పుడేం పని చేస్తున్నారు. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయండి, బాగుచేయొద్దు. సంప్రదింపుల సమావేశానికి ఇంకా ఆరు వారాల టైముంది. వచ్చినవన్నీ కలిపి ఆ పట్టిక కింద పెడతాను.